అంచులో ఇనుప తీగ

పోయిన నెల మా ఇంట్లోకి మంట లేని పొయ్యి వచ్చింది. నల్లటి అద్దం పలక. మీద వేలు పెడితే కుయ్యిమంటుంది. గిన్నె పెడితే గిన్నె కాలుతుంది, చెయ్యి పెడితే చెయ్యి కాలదు. గ్యాసు బండ రావడం ఆలస్యమైనప్పుడల్లా ఆ కోపం నా కాఫీ మీద చూపించే మా కోడలు రేణుక, ఈ పొయ్యి వచ్చినాక కొంచెం నెమ్మదించింది. కాకపోతే పొయ్యికి ఒక షరతు ఉంది. గిన్నె అడుగు అయస్కాంతానికి అంటుకోవాలి, లేకపోతే అది వెలగనంటుంది. అందుకని రేణుక ఫ్రిజ్జు తలుపుకున్న మామిడిపండు బొమ్మ పీకి, ఇంట్లో గిన్నెలన్నీ బోర్లించి ఒక్కొక్కదాని అడుగునా పెట్టి చూడడం మొదలుపెట్టింది. బొమ్మ అంటుకుంటే కిందికి, జారిపోతే అటక మీదికి. నేను మంచం మీద కూర్చుని నవ్వుతున్నాను. ఎందుకు మామా నవ్వుతావు అనింది. మా కాలంలో స్టీలు సామాన్లు కొత్తగా వచ్చినప్పుడు ఆడవాళ్ళు ఇదే పరీక్ష చేసేవాళ్ళమ్మా, కాకపోతే తిరగేసి, అన్నాను. అప్పుడు అయస్కాంతం జారిపోతే మంచి స్టీలు, అంటుకుంటే నాసిరకం. కొంగులో అయస్కాంతం ముడేసుకుని అంగడికి పోయేవాళ్ళు, అంటుకున్న గిన్నెను అంగడివాడి మొహాన కొట్టినంత పని చేసేవాళ్ళు. గిన్నె అదే, అయస్కాంతం అదే. మంచీ చెడ్డా మాత్రం చోట్లు మార్చుకున్నాయి.

అటక మీది నుంచి చివర్లో గంగాళం దిగింది. ఇద్దరు మనుషులు పడితే గానీ దిగని పాత ఇత్తడి గంగాళం, నోరు ఇంత వెడల్పు. బొమ్మ పొట్టకు పెడితే జారింది, అడుగుకు పెడితే జారింది, అంచుకు పెడితే టక్కున పట్టుకుంది. అంచు మీద ఒకచోట బెత్తెడు మేర చీలిక ఉంది, ఉలితో కొట్టి విప్పినట్టు. ఆ చీలికలో నుంచి తుప్పు పట్టిన తీగ కొన చూస్తుంటుంది. దీన్ని ఎవురు కోసినారు మామా, అని రేణుక అడిగింది. నేనే, అన్నాను. యాభై ఏళ్ళుగా అదే చెప్తున్నాను కాబట్టి నోరు నన్ను అడక్కుండానే చెప్పేసింది. తరువాత కథంతా చెప్పినాను. ఆ సాయంత్రం రేణుక పక్కింటామెతో, మా మామ చిన్న వయసులోనే ఒక ఆడమనిషి పరువు కాపాడినాడక్కా, అని చెప్తుంటే కిటికీలో నుంచి వినపడింది. నా అబద్ధం నా నోట్లో ఉన్నంతకాలం నాకు ముద్దుగానే ఉండేది. మా కోడలి నోట్లో, అంత నమ్మకంగా వినేసరికి లేచి కిటికీ మూసేసినాను. అందుకని ఇది రాస్తున్నాను.

ముందు నేను చెప్పే కథ చెప్తాను. కోడుమూరులో మాది పెద్ద లోహాల వ్యాపారం. నేను కర్నూల్లో సైన్సు చదివి, కాలేజీకే మొదటివాడిగా తిరిగి వచ్చిన కొత్త. ఒక సంత రోజు నాగమ్మ అనే ఆమె ఇత్తడి గంగాళం అమ్మడానికి తెచ్చింది. ఎవడో తెలివితక్కువవాడు దానికి అయస్కాంతం పెట్టి, అది అంటుకుంటే, ఇది నకిలీ అని సంతలో అరిచినాడు. ఆమె పరువు పోతుంటే నేను జనాన్ని తోసుకుని వచ్చి, మా ఇంటి గంగాళాన్నే ఉలితో కోసి, అంచులో ఏముందో పదిమందికీ చూపించి ఆమె మాట నిలబెట్టినాను. ఇదీ కథ. చెప్పే ప్రతిసారీ జనం పెరిగేవాళ్ళు. ఒకసారి మా బంధువుల పెళ్ళిలో చెప్పినప్పుడైతే సంతలో ఒక పోలీసు జమాదారును కూడా నిలబెట్టినాను.

ఇప్పుడు జరిగింది చెప్తాను. మాది లోహాల వ్యాపారం కాదు, పాత ఇనుప సామాన్ల అంగడి. సంత వీధి చివర రేకుల కొట్టం, ముందు గోనెపట్టా, పట్టా మీద తక్కెడ. నేను కాలేజీకి మొదటివాణ్ణి కాదు, ఇంటర్మీడియట్ తప్పినవాణ్ణి. తప్పింది కూడా, చెప్పుకోవడానికి సిగ్గు, భౌతికశాస్త్రంలోనే. ఆ తెలివితక్కువవాడు ఎవరో ఈపాటికి మీకు అర్థమైపోయి ఉంటుంది.

మా నాయన సైకిలుకు రెండు పక్కలా బుట్టలు కట్టుకుని ఊర్లు తిరిగి పాత సామాన్లు తెచ్చేవాడు. అంగట్లో కూర్చునేది మా మేనత్త సుంకులమ్మ. మొగుడు పోయినాక అత్తగారింటి నుంచి ఒక్క గంగాళం మాత్రం నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసిన మనిషి. నేను సుంకత్త అనేవాణ్ణి. చదువు లేదు, సంతకం కూడా రాదు. కానీ కోడుమూరు సంతకు వచ్చే ఏ లోహమైనా ఆమెకు తన పేరు చెప్పుకోవాల్సిందే. ఎడమ చెవిలో ఎప్పుడూ దూది పెట్టుకునేది. వీధి రొద ఆమెకు పడదు. ఎవరైనా సామాను తెస్తే దూది తీసేది, వస్తువును వేలి మీద వేలాడదీసి చింత పుల్లతో ఒక్క దెబ్బ కొట్టేది, కళ్ళు మూసుకుని వినేది. కంచు అయితే శానాసేపు పలుకుతాది, ఇత్తడి కొంచెం పలికి మానుకుంటాది, రాగి మూలుగుతాది, సత్తు గిన్నె సచ్చినట్టు పడుంటాది, అనేది. సత్తు అంటే మావైపు అల్యూమినియం. పలుకు విన్నాక అరచేత్తో గట్టిగా రుద్ది వాసన చూసేది. ఇనుము వాసన నెత్తురు వాసన అని, రాగిది పులిసిన వాసన అని నాకు నేర్పించింది ఆమే. అప్పటికీ అనుమానం ఉంటే ఆకురాయితో అడుగున ఒక్క గీత గీసి లోపలి రంగు చూసేది. ఆ పైన దూది మళ్ళీ చెవిలో పెట్టుకునేది. దూది చెవిలోకి పోయిందంటే తీర్పు అయిపోయినట్టే, ఇంక ఎవరేమన్నా ఆమెకు వినపడదు.

ఇంట్లోనూ అదే చట్టం. పులుసు రాతిచిప్పలోనే కాగాలి. కళాయి లేని ఇత్తడిలో పులుసో మజ్జిగో పోస్తే పచ్చటి చిలుం పడుతుందని మా అమ్మను కూడా తిట్టేది. జొన్నరొట్టె ఇనుప పెనం మీద, తిరగమోత ఇనుప గరిటెలో. పొద్దున్నే చింతపండు తొక్కు, బూడిద కలిపి ఆమె ఇత్తడి తోముతుంటే ఆ పుల్లటి వాసనకే నాకు మెలకువ వచ్చేది. తొలకరి నాలుగు చినుకులు పడినప్పుడు కొట్టంలోని ఇనుమంతా ఒక్కసారిగా ఊపిరి విడిచినట్టు వాసన కొట్టేది. ఊర్లో అందరూ మట్టి వాసన బాగుండాదనుకునేవాళ్ళు. మాకు మాత్రం తుప్పు వాసనే వాన వాసన.

పరీక్ష తప్పి కర్నూలు నుంచి వస్తూ నేను తెచ్చుకున్న ఒకే ఒక్క ఆస్తి అయస్కాంతం. మైకుసెట్ల అంగట్లో పగిలిపోయిన లౌడ్‌స్పీకర్ నుంచి పీకిన నల్లటి బిళ్ళ, మధ్యలో బెజ్జం. దానికి తాడు కట్టి మెళ్ళో వేసుకున్నాను. ఊరంతా నన్ను అయస్కాంతం మద్దిలేటి అని పిలిచేవాళ్ళు. ఊరంతా అంటే ఒక ముగ్గురు, వాళ్ళలో ఇద్దరు ఎగతాళికి. కమ్మరి కొలిమి ముందు మట్టిలో దాన్ని తిప్పి ఇనుప రజను గడ్డంలా మొలిపించేవాణ్ణి. పెంకు మీద మొల పెట్టి కింద బిళ్ళ తిప్పుతూ మొలను నడిపించేవాణ్ణి. ఒక టీచరు చేతి గడియారం కూడా ఆపేసినాను, అది మాత్రం పొరపాటున. సుంకత్త వారం రోజులు చూసి ఊరుకుంది. ఎనిమిదో రోజు నేను, ఇంక నీ చింత పుల్ల పారేయత్తా, దీనికి అంటుకునేదంతా ఇనుము, అంటుకోనిది కాదు, సైన్సు చెప్తాది, అన్నాను. ఆమె రొంటిన ఉన్న సంచి విప్పి ఒక పాత పావలా తీసి నా బిళ్ళ మీద వేసింది. అది ఠక్కున అంటుకుంది.

"ఈ పావలా ఇనుపదేనా రా?" అని అడిగింది.

అది నికెలు అని, ఇనుము కాకపోయినా అయస్కాంతం పట్టే లోహాలు ఒకటి రెండు ఉన్నాయని పుస్తకంలో చదివే ఉన్నాను. బహుశా నేను తప్పిన ప్రశ్న అదే. ఆమె పావలా పీక్కుని, రేయ్ మద్దిలేటీ, నీ బిళ్ళ ఒక్క ప్రశ్నకే జవాబు చెప్తాది, నన్ను పట్టుకునేది ఈడ ఏదో ఉండాదని చెప్తాది, అది ఏందో, యాడుండాదో, ఎంతుండాదో దానికి తెల్దు, నువ్వు అడగని ప్రశ్నకు కూడా అది జవాబు చెప్పిందనుకుంటాండావు, అనింది. నేను వినలేదు. పంతొమ్మిదేళ్ళకు ఎవడు వింటాడు.

అంతకు ముందు రెండేళ్ళు వాన లేదు. ఆ ఏడు మాత్రం మంచి వాన ఒకటి పడింది. చేలల్లో పదును ఉంది, మూడు నాలుగు రోజులు ఉంటుంది, ఆలోపల చెనక్కాయ, అంటే వేరుశెనగ, విత్తనం పడాలి. లేకపోతే ఆ ఏడు కూడా పోయినట్టే. సంతలో అందరి నడకా మామూలు కంటే వేగంగా ఉన్న రోజు అది. మా నాయన ఊర్ల మీదికి పోయినాడు. సుంకత్త వెనక పక్క రొట్టెలు కొడుతోంది. పట్టా మీద నేను ఒక్కణ్ణే. అప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు వచ్చినారు. ముందు ఒక ముసలామె, పేరు లచ్చుమవ్వ. వెనక గంగాళం నెత్తిన పెట్టుకుని ఆమె కోడలు నాగమ్మ, ముప్పై ఏళ్ళుంటాయి. హంద్రి ఏటికి అవతల వాళ్ళ ఊరు. నాగమ్మ పుట్టిల్లు కమలాపురం దగ్గర, కడప జిల్లా. ఆ గంగాళం పెళ్ళిలో వాళ్ళ నాయన పెట్టింది, బస్సు మీద కట్టుకుని తెచ్చుకుంది. ఇప్పుడు దాన్ని అమ్మి విత్తనం తీసుకుని పొద్దుగూకేలోపల ఊరు చేరాలి. ఆ మాట లచ్చుమవ్వే చెప్పింది, కోడలు గంగాళం దించి పట్టా మీద పెట్టింది.

నేను సుంకత్తను పిలవాల్సింది. పిలవలేదు. చుట్టూ పదిమంది ఉన్నారు, నా మెళ్ళో బిళ్ళ ఉంది. తాడు తీసి, గారడీవాడు తీసినట్టు అందరికీ చూపించి, గంగాళం అంచుకు తగిలించినాను. అది టక్కున అంటుకుని వేలాడింది. చూస్తున్నవాళ్ళు అబ్బ అన్నారు. ఆ అబ్బ నా తలకెక్కింది.

"ఇది ఇత్తడి కాదు పెద్దమ్మా, లోపలంతా ఇనుము. పైన పూత పూసి మీకు అంటగట్టినారు" అన్నాను, పక్క వీధికి వినపడేటట్టు.

లచ్చుమవ్వ ముందు గంగాళాన్ని చూసింది, తరువాత కోడల్ని. "పన్నెండేండ్ల నుంచి మా పుట్టిల్లు మా పుట్టిల్లు అని నా చెవులు తింటివి కదమ్మే. మీ నాయన పెట్టిండేది ఇదా? మా కండ్లకు గంతలు కట్టి ఇనుము ఇచ్చి పంపిచ్చినాడా?"

నాగమ్మ గంగాళం మీద చెయ్యి వేసింది, జ్వరం వచ్చిన బిడ్డ నొసటి మీద వేసినట్టు. "మా నాయన అట్లాంటోడు కాదు అత్తా" అనింది. అంతే అనింది. నా వైపు చూడను కూడా లేదు. చూసి తిట్టి ఉంటే ఈ రోజు నాకు ఇంత రాయాల్సిన పని ఉండేది కాదు. ఆ పదిమందిలో వాళ్ళ ఊరివాళ్ళే నలుగురున్నారు. ఇనుప గంగాళమంటనే అని నవ్వుకుంటూ బండి ఎక్కి, ఊరి దోవ పట్టి పోయినారు.

సుంకత్త చేతులకు జొన్నపిండి ఉండగానే బయటికి వచ్చింది. ఏమైందని ఎవర్నీ అడగలేదు. అంచుకు వేలాడుతున్న నా బిళ్ళను చూసింది, నన్ను చూసింది, అర్థమైపోయింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని చెవిలో దూది తీసింది. గంగాళాన్ని ఒక పక్క కొంచెం ఎత్తి పట్టుకోమని నాగమ్మకు చెప్పి, చింత పుల్లతో పొట్ట మీద కొట్టింది. అది పలికింది. పలికి మానుకుంది. సుంకత్త నా బిళ్ళ పీకి, నాకు ఇవ్వకుండా లచ్చుమవ్వ చేతిలో పెట్టి, ఆ పిల్లోని మాట వద్దు, నా మాటా వద్దు, నువ్వే పెట్టి చూసుకో పెద్దమ్మా, అనింది. లచ్చుమవ్వ తేలును పట్టుకున్నట్టు పట్టుకుని పొట్టకు పెట్టింది. జారింది. అడుగుకు పెట్టింది. జారింది. లోపలి పక్క కూడా పెట్టింది, జారింది. అంచుకు పెడితే మాత్రం ఎక్కడ పెట్టినా పట్టుకుంది. ఇత్తడి పూత కింద ఇనుముంటే పొట్టకెందుకు పట్టుకోదు, అని సుంకత్త అడిగింది. మరి అంచులో ఏం దాచిపెట్టినాడు వీళ్ళ నాయన, అని లచ్చుమవ్వ ఎదురడిగింది. ముసలామె తెలివి తక్కువది కాదు. ప్రశ్న సరైనదే. దానికి నోటితో చెప్పే జవాబు ఏదీ ఆ సంతలో నిలబడదు.

సుంకత్త లోపలికి పోయింది. తన గంగాళం దొర్లించుకుంటూ వచ్చింది, రెండో చేతిలో ఉలి, సుత్తి. నేను అప్పటికి గానీ ఆమె ఏం చెయ్యబోతోందో గ్రహించలేదు. వద్దత్తా, అన్నాను. నిజంగా ఆ ఒక్క మాట అన్నాను, అది మాత్రం అబద్ధం కాదు.

"అంచులో ఏముండాదో చూడల్లంటే కోయల్ల పెద్దమ్మా. నీ కోడలి సొమ్ము నేను కోయను. ఇది కూడా అట్లా చేసిండేదే, దీన్ని కోస్తా" అని, ముందు తన గంగాళం అంచుకు బిళ్ళ తగిలించి చూపించింది. అంటుకుంది. పొట్టకు పెట్టింది, జారింది. ఉలి పెట్టి నాలుగు దెబ్బలు కొట్టింది. ముడిచిన ఇత్తడి రేకు విచ్చుకుంది. లోపల చిటికెన వేలంత ఇనుప తీగ, అంచు చుట్టూ పోతూ కనపడింది. "చూడు. రేకు పలచన, నోరు వెడల్పు. నిండా నీళ్ళు పోసి ఇద్దరెత్తితే నోరు వంకర పోతాది. అందుకని లోపల ఇనప తీగ పెట్టి రేకు దాని మీదికి ముడుస్తారు. ఇది మోసం కాదమ్మా, బలం. వీళ్ళ నాయన తీగ లేకుండా చేపిచ్చింటే నాలుగు దుడ్లు మిగిలిండు, ఈ గంగాళం పన్నెండేండ్లు నిలబడిండదు."

లచ్చుమవ్వ వంగి తీగను వేలితో తాకింది. ఆ తరువాత నా బిళ్ళను నా ఒళ్ళో పడేసి, నాకు మొదట్నుంచీ ఈ పిల్లోని మీదే అనుమానం, అనింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వినారు. నాగమ్మ నవ్వలేదు. సుంకత్త కోసిన అంచునే చూస్తూ, ఎందుకక్కా నీది పాడు చేసుకుంటివి, అనింది. ఈడ కూచోని నోరు జారింది మావోడు, ఇంకెవురిది కోయల్ల చెప్పు, అనింది సుంకత్త. మామూలుగా ఇత్తడి తూకంలో అంచు తీగకు తరుగు తీస్తారు. ఆ రోజు తీయలేదు. దాన్ని కరిగించడానికి కూడా పంపనని, పంట వచ్చినాక ఆ డబ్బు తెచ్చి ఇచ్చి తీసుకుపొమ్మని చెప్పి పంపింది. వాళ్ళు విత్తనం మూట నెత్తిన పెట్టుకుని ఎండ వాలే వేళకు ఊరి దోవ పట్టినారు.

నా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను. సుంకత్త దూది చెవిలో పెట్టుకోలేదు. బండి వాళ్ళు ఈ పాటికి ఊరు చేరింటారు, మాట ముందే పోయింది, నువ్వు ఎనకాల పోయి దాన్ని పట్టుకోవల్ల, అనింది. పొద్దున్నే నేను నాగమ్మ వాళ్ళ ఊరికి పోవాలి. రచ్చకట్ట కాడ పదిమందిలో నిలబడి, నాగమ్మ పుట్టింటి గంగాళం ఇత్తడిదే, తప్పు చెప్పింది నేను, అని చెప్పి రావాలి. రొట్టె, నంజుకోవడానికి ఎర్రగడ్డ మూట కట్టి ఇచ్చింది. నేను చెప్పే కథల్లో ఈ భాగం ఎప్పుడూ లేదు. ఇన్నాళ్ళూ ఎవరికీ, చనిపోయిన నా భార్యకు కూడా చెప్పలేదు.

పొద్దున్నే బయల్దేరినాను. హంద్రి దాటినాను. వాళ్ళ ఊరికి ముందు ఒక వంక ఉంది, వానకు మోకాటి లోతు నీళ్ళు పారుతున్నాయి. అవతలి గట్టున చేలు, ఆ వెనక ఊరి ఇండ్లు కనపడుతున్నాయి. వంక దాటడానికి నాకు భయం లేదు. అవతల నవ్వే నోళ్ళంటేనే భయం. అంచుకు తగిలించి అబ్బ అనిపించుకున్న నేను, తప్పు నాది అని చెప్పి ఏమనిపించుకోవాలో తెలియలేదు. తుమ్మచెట్టు కింద కూర్చున్నాను. రొట్టె తిన్నాను. మెళ్ళో బిళ్ళ తీసి ఇసుకలో ముంచినాను, నల్లటి ఇసుక మీసంలా అంటుకుని వచ్చింది. వంక ఇసుకలో కూడా ఇనుము ఉంటుందని అదే కనిపెట్టినాను, నా జీవితంలో నా అంతట నేను కనిపెట్టింది అదొక్కటే. దానితో ఒక గంట ఆడుకుని, లేచి, ఎనక్కి తిరిగి ఇంటికి వచ్చేసినాను.

చెప్పినావా, అని సుంకత్త అడిగింది. చెప్పినాను, అన్నాను. ఏమని చెప్పినావు, అనింది. అక్కడ మొదలుపెట్టినాను. రచ్చకట్ట కాడ ఊరంతా కూడినారని, ఒక పెద్దాయన నాకు నులకమంచం వేయించినాడని, నేను మాట్లాడుతుంటే కుక్క కూడా మొరగలేదని చెప్పినాను. సుంకత్త చెవిలో దూది తీసింది. మొత్తం విన్నది. ఏ గిన్నెనూ అంతసేపు వినడం నేను చూడలేదు. తరువాత దూది మళ్ళీ పెట్టుకుని, సరే, కాళ్ళు కడుక్కోపో, అనింది.

ఆ ఏడు పంట మరీ గొప్పగా కాకపోయినా వచ్చింది. చెనక్కాయలు పీకినాక నాగమ్మ ఒక్కతే వచ్చింది, గంగాళం తీసుకుపోవడానికి. ఒడి నిండా పచ్చి చెనక్కాయలు తెచ్చి సుంకత్త ముందు పోసింది. నేను అక్కడే తక్కెడ రాళ్ళు తుడుస్తున్నాను. మావోడు మీ ఊరికొచ్చి చెప్పినాడంట కదా, అని సుంకత్త చెనక్కాయ ఒలుస్తూ, ఏమీ పట్టనట్టు అడిగింది. నా చేతిలో గుడ్డ ఆగిపోయింది. నాగమ్మ నన్ను చూసింది. మొదటిసారి చూసింది.

"వచ్చినాడక్కా. అందరూ ఇన్నారు" అనింది.

సుంకత్త తల ఊపింది. గంగాళం ఎత్తడానికి సాయం పట్టమని నన్ను పంపింది. వీధి మలుపులో చుట్టకుదురు తల మీద సర్దుకుంటూ నాగమ్మ మెల్లగా అనింది: "మా చేను వంక గట్టునే అప్పా. ఆ పొద్దు విత్తనం ఏస్తా చూసినా. నువ్వు రొట్టె తినేది, ఇసుకలో ఆడుకునేది, ఎనక్కి తిరిగి పోయేది. ఆడ నుంచే ఒక్క కేక ఏసింటే నాకు ఇనపడిండు." నేను ఆమె కళ్ళలోకి చూడలేక గంగాళం అంచు పట్టుకుని నిలబడినాను. "పోనీలే, మా అత్తే ఊరంతా తిరిగి చెప్పింది. నువ్వు ఈ తూరి రా" అని గంగాళం నెత్తిన పెట్టుకుని పోయింది. నేను పోలేదు. ఆ తూరీ పోలేదు, ఏ తూరీ పోలేదు.

ఆ తరువాత బతుకు బాగానే నడిచింది. రెండోసారి పరీక్ష పాసయినాను, నిజంగానే పాసయినాను, ధ్రువపత్రం ఉంది. లోహశాస్త్రం బోధించినానని అందరికీ చెప్తాను. నిజానికి ఐటీఐలో ఫిట్టరు పిల్లలకు ఆకురాయి పట్టుకోవడం నేర్పించినాను. కానీ ఒక్క విషయంలో మాత్రం పెంచి చెప్పాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. నా దగ్గర చదివిన ప్రతి పిల్లవాడూ మొదటి రోజు అయస్కాంతం పక్కన పెట్టి, చెవి దగ్గర లోహాన్ని మోగించి విన్నాడు. రుద్ది వాసన చూసినాడు. తరువాతే అయస్కాంతం ముట్టుకున్నాడు. వాళ్ళలో కొందరు ఇప్పుడు పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో ఉన్నారు. ఈ మధ్య ఒకడు ఫోన్ చేసి, సార్, ఇప్పుడు మా దగ్గర పిస్తోలు లాంటి యంత్రం ఉంది, గురి పెడితే ఏ లోహం ఎంత పాలు ఉందో తెర మీద చెప్పేస్తుంది, అన్నాడు. మంచిదే నాయనా, అన్నాను. అయినా అలవాటు కొద్దీ ముందు మోగించి చూస్తున్నాను సార్, అన్నాడు. ఆ రోజు నేను అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. చదువు రాని మా సుంకత్త పాఠం, ఊరు దాటి, ఆమె పేరు కూడా తెలియని చోట ఏదో కొట్టంలో మోగుతోంది. ఆ యంత్రం నా బిళ్ళ కంటే వెయ్యి రెట్లు తెలివైనదని ఒప్పుకుంటాను. నా బిళ్ళను నమ్మినట్టు దాన్ని కూడా సంతలో ఒక మనిషి మొహం మీద పెట్టే పంతొమ్మిదేళ్ళవాడు ఎక్కడో ఉండే ఉంటాడని మాత్రం నాకు తెలుసు. వాడి పక్కన పిండి చేతులతో బయటికి వచ్చే మేనత్త ఉందో లేదో తెలియదు.

సుంకత్త ఉన్నన్నాళ్ళూ ఆ చీలికకు అతుకు పెట్టించనివ్వలేదు. నేనే రెండు మూడుసార్లు అడిగినాను, నా కళ్ళకు అడ్డం లేకుండా పోతుందని. ఉండనీ రా, అడిగినోళ్ళకు చెప్పొచ్చు, అనింది. అడిగినవాళ్ళకు నేను ఏం చెప్తున్నానో ఆమె వినే ఉంటుంది. ఒక్కసారి కూడా, కోసింది నేను కదా రా, అనలేదు. నేను కోసినానని చెప్పుకోవడం ఆమెకు కోపం తెప్పించలేదు. ఆ ఊరికి పోలేదని నేను ఒప్పుకోవడం కోసమే ఎదురు చూసిందని ఇప్పుడనిపిస్తోంది.

నిన్న రేణుకను పిలిచి అంతా చెప్పినాను. ఆమె గంగాళం అంచు చీలికను వేలితో తాకి, మామిడిపండు బొమ్మ తీసుకుపోయి ఫ్రిజ్జుకు పెట్టేసి వచ్చింది. అయితే ఆదివారం పోదాం మామా, అనింది. యాడికి, అన్నాను. యాడికో నీకు తెల్దా, అనింది. ఇప్పుడు ఆ వంక మీద వంతెన ఉందంట, కారు నేరుగా ఊర్లోకే పోతుందంట. ఎనక్కి తిరగడానికి నాకు మోకాటి లోతు సాకు కూడా మిగల్లేదు. నాగమ్మ ఉందో లేదో, ఆమె పిల్లలు ఆ ఊర్లోనే ఉన్నారో లేదో, ఆ గంగాళం ఎవరింట్లో ఉందో తెలియదు. రచ్చకట్ట కాడ నన్ను వినేవాళ్ళు ఎవరుంటారో కూడా తెలియదు. ఆదివారానికి నా సంగతి నాకు నమ్మకం లేదు, కాలు నొప్పి అంటానేమో. పోయేది పోతాను గానీ, అందుకనే ముందు ఇక్కడే, ఈ గట్టు మీద నుంచే ఒక్క కేక వేస్తున్నాను, అవతలి చేలో ఎవరైనా విత్తనం వేస్తుంటే వినపడేటట్టు: నాగమ్మ పుట్టింటి గంగాళం నికార్సయిన ఇత్తడి. దాని అంచులో ఉండే తీగ మోసం కాదు, బలం. తప్పు చెప్పింది నేను, సుంకులమ్మ మేనల్లుణ్ణి, మద్దిలేటిని.